మనవాళ్లకు 1925, మూలవాసులకు 1962

2025 ఆగస్టు 31, ఆదివారం. మెల్‌బోర్న్, సిడ్నీ, బ్రిస్బేన్, అడిలైడ్, పెర్త్ సహా ఆస్ట్రేలియా నగరాల్లో వేలమంది జాతీయ జెండాలు భుజాన కప్పుకొని వీధుల్లోకి వచ్చారు. 'మార్చ్ ఫర్ ఆస్ట్రేలియా' అని ఆ ప్రదర్శనలకు పేరు పెట్టారు. భారీ వలసలు ఆపాలన్నది డిమాండ్. ప్రచార పత్రంలో మాత్రం భారతీయుల పేరు విడిగా ఎత్తి రాశారు. గ్రీకులు, ఇటాలియన్లు వందేళ్లలో వచ్చినదానికంటే ఎక్కువమంది భారతీయులు ఐదేళ్లలోనే వచ్చిపడ్డారన్నది అందులోని ఆరోపణ. మెల్‌బోర్న్‌లో ఒక నియో-నాజీ ముఠా నాయకుడు పార్లమెంటు భవనం మెట్ల మీద నిలబడి ప్రసంగించాడు.

ఆ రోజే మెల్‌బోర్న్‌లో మరో ఘటన జరిగింది. కింగ్స్ డొమైన్ అనే ఉద్యానవనంలో 'క్యాంప్ సావరినిటీ' పేరుతో ఆదివాసుల శిబిరం ఒకటి ఉంది. 38 మంది ఆదివాసుల అస్థికలను 1985లో తిరిగి ఖననం చేసిన చోటు అది. ప్రదర్శన ముగిశాక నల్ల దుస్తులు వేసుకున్న మగవాళ్ల గుంపు ఒకటి ఆ శిబిరం మీద పడి అక్కడున్నవాళ్లను కొట్టింది.

భారతీయులను వద్దన్న రోజునే, ఆ నేల మీద అందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్ల మీద దాడి జరిగింది. గొడవంతా వలసల గురించే అయితే ఈ రెండో దాడికి అర్థమే లేదు. ఆదివాసులు ఏ విమానంలోనూ వచ్చి దిగినవాళ్లు కాదు. పురావస్తు ఆధారాలు 50 వేల ఏళ్లకు పైగా వాళ్లు అక్కడే ఉన్నారని చెబుతున్నాయి. మొదటి వార్త చదివి కలవరపడిన భారతీయులు రెండో వార్తను కూడా అంతే శ్రద్ధగా చదవాలి. ఎందుకంటే ఈ రెండింటికీ మూలం ఒక్కటే.

ఆస్ట్రేలియన్ అంటే ఎవరన్న తగువులో రెండు ప్రశ్నలను విడివిడిగా చర్చించడం అక్కడ అలవాటైపోయింది. కొత్తగా వచ్చినవాళ్ల స్థానం ఏమిటన్నది ఒకటి, మొదటినుంచీ ఉన్నవాళ్ల స్థానం ఏమిటన్నది ఇంకొకటి. మంత్రిత్వ శాఖలు వేరు, సంఘాలు వేరు, పత్రికల్లో శీర్షికలు కూడా వేరు. కానీ ఆ దేశం పుట్టినప్పుడు రాసుకున్న చట్టాలు చూస్తే ఈ ఇద్దరి కథా కలిసే మొదలైందని తెలుస్తుంది.

1901 జనవరి 1న ఆరు బ్రిటిష్ వలస రాజ్యాలు కలిసి ఆస్ట్రేలియా సమాఖ్యగా ఏర్పడ్డాయి. కొత్త పార్లమెంటు ఆ ఏడాదే వలసల నియంత్రణ చట్టం చేసింది. రేవులో దిగిన మనిషికి ఏదో ఒక యూరప్ భాషలో యాభై పదాల డిక్టేషన్ చెబుతారు. రాయగలిగితే లోపలికి, లేకపోతే వెనక్కి. ఏ భాషలో చెప్పాలన్నది అధికారి ఇష్టం. ఇంగ్లిష్ బాగా వచ్చిన మద్రాసు పట్టభద్రుడైనా సరే, జర్మన్‌లోనో స్వీడిష్‌లోనో చెప్పి తిప్పి పంపే వీలు ఆ చట్టం కల్పించింది. 1934లో ఎగాన్ కిష్ అనే ప్రాగ్ నగర రచయిత వెళ్లినప్పుడు, ఆయనకు చాలా భాషలు వచ్చని తెలిసి, స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. చర్మం రంగు గురించి ఒక్క ముక్క కూడా రాయకుండా ఈ పరీక్ష 1958 దాకా రంగును బట్టే మనుషులను ఆపింది. శ్వేత ఆస్ట్రేలియా విధానం పూర్తిగా పోవడానికి 1973లో గాఫ్ విట్లమ్ ప్రభుత్వం రావాల్సి వచ్చింది.

బయటివారి సంగతి అది. లోపలున్నవారి విషయానికొస్తే, దేశ జనాభా లెక్కించేటప్పుడు ఆదివాసులను కలపకూడదని రాజ్యాంగంలోని 127వ సెక్షన్ చెప్పింది.

1902లో వచ్చిన ఓటుహక్కు చట్టం ఇంకా సూటిగా మాట్లాడింది. ఆ చట్టం ఆస్ట్రేలియా మహిళలకు జాతీయ ఎన్నికల్లో ఓటు ఇచ్చింది, పోటీ చేసే హక్కు కూడా ఇచ్చింది. బ్రిటన్‌లో ఆడవాళ్లు అప్పటికింకా ఆ హక్కు కోసం పోరాడుతూనే ఉన్నారు. అంత ముందుచూపున్న ఆ చట్టమే, ఆస్ట్రేలియా, ఆసియా, ఆఫ్రికా, పసిఫిక్ దీవుల మూలవాసులెవరి పేరూ ఓటర్ల జాబితాలోకి ఎక్కకూడదని శాసించింది. అప్పటికే తమ రాష్ట్రంలో ఓటున్న కొద్దిమందికీ, న్యూజిలాండ్ మూలవాసులకూ మాత్రం మినహాయింపు. అంటే ఒక పంజాబీ వర్తకుడినీ, అతను తిరిగే నేల మీద తరతరాలుగా బతుకుతున్న ఆదివాసినీ ఒకే వాక్యంతో ప్రజాస్వామ్యం బయట నిలబెట్టారు.

ఆ తర్వాత జరిగింది ఆస్ట్రేలియాలోని భారతీయులకు తెలిసి ఉండాల్సిన చరిత్ర. 1922లో మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి భారత ప్రభుత్వ ప్రతినిధిగా ఆస్ట్రేలియా వెళ్లారు. ఇంగ్లిష్ వక్తగా ఆయనకు సామ్రాజ్యమంతటా పేరుంది. అక్కడ స్థిరపడిన భారతీయులు బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలే కాబట్టి వాళ్లకు ఓటు ఇవ్వాలని సభల్లోనూ, మంత్రుల ముందూ వాదించారు. 1924లో మిట్టా బుల్లోష్ అనే భారతీయుడు మెల్‌బోర్న్ కోర్టుకెక్కి తన పేరు ఓటర్ల జాబితాలో చేర్చాల్సిందేనని వాదించి గెలిచాడు. 1925లో చట్టం మార్చి భారతీయులకు జాతీయ ఎన్నికల్లో ఓటు ఇచ్చారు.

ఆదివాసులకు ఇవ్వలేదు. సైన్యంలో పనిచేసినవాళ్లకు, తమ రాష్ట్రంలో ఓటున్నవాళ్లకు 1949లోనూ, మిగతా అందరికీ 1962లోనూ ఆ హక్కు వచ్చింది. ఒకే వాక్యంతో వెలివేసిన ఇద్దరిలో ఒకరికి ముందు తలుపు తీశారు. రెండోవారు ఇంకో 37 ఏళ్లు గడప బయటే ఉన్నారు. శాస్త్రి చేసినదాంట్లో తప్పేమీ లేదు. తనవాళ్ల కోసం సముద్రాలు దాటి వెళ్లి సాధించుకొచ్చారు. అయితే చట్టం దృష్టిలో ఆదివాసులూ బ్రిటిష్ రాజు ప్రజలే. వాళ్ల తరఫున ఓడెక్కి వచ్చి అడిగే ప్రభుత్వం మాత్రం ఏదీ లేదు.

ప్రచార పత్రం ఎత్తిచూపిన గ్రీకులు, ఇటాలియన్ల మాటేమిటి? ఇప్పుడు వాళ్లను మంచి వలసకు నమూనాగా చూపిస్తున్నారు. 1934 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాల్‌గూర్లీ బంగారు గనుల పట్టణంలో జరిగింది వేరు. ఇటాలియన్ బార్‌మన్‌తో గొడవపడి ఒక స్థానికుడు చనిపోతే, మర్నాడు గుంపులు బయల్దేరి ఇటాలియన్ల, స్లావ్‌ల ఇళ్లు, దుకాణాలు, హోటళ్లు తగలబెట్టాయి. అంతకుముందు 1916లో ఆ ప్రాంతంలోనే గ్రీకుల దుకాణాలు ధ్వంసమయ్యాయి. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక వేలమంది ఇటాలియన్లను శత్రువులని నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. యుద్ధం ముగిశాక ఫ్యాక్టరీలకు, ఆనకట్టలకు కూలీలు కావాల్సి వచ్చినప్పుడు అదే దేశం ఇటలీ, గ్రీస్ నుంచి మనుషులను ఓడల్లో రప్పించుకుంది. వాళ్ల పిల్లలు ఇవాళ న్యాయమూర్తులు, మంత్రులు, ఫుట్‌బాల్ కెప్టెన్లు. 1990లలో పాలీన్ హాన్సన్ అనే ఎంపీ ఆసియావాళ్లు ముంచెత్తుతున్నారని పార్లమెంటులో అన్నప్పుడు వేలు చైనా, వియత్నాం మూలాలవారి వైపు చూపింది. 2005 డిసెంబరులో సిడ్నీలోని క్రొనల్లా బీచ్ దగ్గర గుంపులు లెబనాన్ మూలాలవారి కోసం వెతికాయి. ఇప్పుడు భారతీయుల వంతు వచ్చింది.

ఈ వరసలో వేలు ఎవరి వైపు తిరుగుతుందన్నది మారుతూ వచ్చింది. ఆదివాసులు మాత్రం ఏ కాలంలోనూ ఆ వరసలోంచి బయటపడలేదు.

ఇళ్ల గురించి జనంలో ఉన్న కోపం అబద్ధం కాదు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో జీతంలో పెద్ద భాగం అద్దెకే పోతోంది. కరోనా తర్వాత సరిహద్దులు తెరిచాక 2022-23లో నికరంగా 5 లక్షలకు పైగా జనం దేశంలోకి వచ్చారు. అద్దెల మీద దాని ఒత్తిడి పడిందనడంలో సందేహం లేదు. కానీ దానికి ముందు జరిగింది కూడా చూడాలి. 2020-21లో సరిహద్దులు మూసేశారు. వచ్చినవాళ్లకంటే వెళ్లినవాళ్లే ఎక్కువ. ఇళ్ల ధరలు తగ్గాలి కదా. 2021 ఒక్క ఏడాదిలోనే దేశవ్యాప్తంగా 20 శాతానికి పైగా పెరిగాయి. చౌక వడ్డీలు, అద్దె ఇంటి మీద వచ్చే నష్టాన్ని జీతం పన్నులోంచి తగ్గించుకునే వెసులుబాటు, ఆస్తి అమ్మకపు లాభంలో సగానికి 1999 నుంచి ఇస్తున్న పన్ను రాయితీ, ఏళ్ల తరబడి ప్రభుత్వాలు చాలినన్ని ఇళ్లు కట్టకపోవడం అన్నీ కలిసి చేసిన పని ఇది. వీటి మీద ఊరేగింపు తీయడానికి పన్ను చట్టం చదవాలి. చీర కట్టుకున్న మనిషిని చూసి కేకలు వేయడానికి ఏమీ చదవనక్కర్లేదు. ఆ తేడాను వాడుకునే రాజకీయం ఆస్ట్రేలియాలో ఉంది.

దేశం నిజంగా ఎలా ఉందో లెక్కలు చెబుతున్నాయి. 2021 జనగణనలో దాదాపు సగంమందికి తల్లో తండ్రో విదేశంలో పుట్టినవారే. పుట్టిన దేశాల జాబితాలో చైనా, న్యూజిలాండ్‌లను దాటి, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్‌ల తర్వాత భారతదేశం మూడో స్థానానికి వచ్చింది. భారత్‌లో పుట్టినవారు 6 లక్షల 73 వేలు. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2016 లెక్కల్లోనే 34 వేలు దాటారు, ఆ తర్వాత ఇంకా వేగంగా పెరిగారు. స్కాన్‌లన్ ఫౌండేషన్ ఏటా చేసే సర్వేలో భిన్న సంస్కృతుల కలయిక దేశానికి మేలే చేసిందని 80 శాతానికి పైగా జనం చెబుతూ వస్తున్నారు. 2024లో అదే సర్వేలో దాదాపు సగం మంది వలసలు మరీ ఎక్కువయ్యాయనీ అన్నారు. ఈ రెండు అభిప్రాయాలూ ఒకే మనసులో ఇమడవచ్చు. చాలామంది ఆస్ట్రేలియన్లు పక్కింటి రెడ్డిగారితో స్నేహంగానే ఉంటారు. వాళ్ల బెంగ తమ పిల్లలకు ఇల్లు దొరుకుతుందా అన్నదే. వాళ్లనూ కాల్‌గూర్లీ గుంపునూ ఒకే గాటన కట్టడం అన్యాయం.

జనవరి 26 సంగతి తెలుగువాళ్లకు ఇంకా దగ్గరిది. 1788లో ఆ రోజున కెప్టెన్ ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ కోవ్‌లో దిగి బ్రిటిష్ జెండా ఎగరేశాడు. పదకొండు ఓడల్లో వచ్చినవారిలో ఎక్కువమంది శిక్షపడిన ఖైదీలు. ఆ తేదీని ఆస్ట్రేలియా డే అంటారు. అన్ని రాష్ట్రాలూ కచ్చితంగా ఆ తేదీనే సెలవుదినంగా పాటించడం మొదలైంది 1994లోనే, అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. ఆదివాసులకు ఆ రోజు దండయాత్ర దినం. 1938లో ప్రభుత్వం 150 ఏళ్ల ఉత్సవాలు చేస్తుంటే, సిడ్నీలో జాక్ ప్యాటెన్, విలియం ఫెర్గూసన్, విలియం కూపర్ వంటి ఆదివాసీ నాయకులు సంతాప దినం పాటించి సమాన పౌరహక్కులు అడిగారు. 1972 జనవరి 26న కాన్‌బెర్రాలో పార్లమెంటు ముందు పచ్చిక మీద గుడారం వేసి దానికి రాయబార కార్యాలయం అని పేరు పెట్టారు. సొంత నేల మీదే పరాయివాళ్లుగా బతుకుతున్నామని ఆ పేరుతోనే చెప్పారు.

విలియం కూపర్ గురించి ఇంకో మాట చెప్పుకోవాలి. జర్మనీలో యూదుల ఇళ్ల మీద, ప్రార్థనాలయాల మీద నాజీలు దాడులు చేసిన వార్త విని, 1938 డిసెంబరు 6న ఆయన తన సంఘం తరఫున మెల్‌బోర్న్‌లోని జర్మన్ కాన్సులేట్‌కు నిరసన పత్రం తీసుకెళ్లాడు. జాతి పేరుతో అణగదొక్కడమంటే ఏమిటో అనుభవించిన పెద్దమనిషి, భూగోళం అవతలి వైపున ఉన్న తెలియని జనం కోసం నడిచాడు. కాన్సులేట్ ఆ పత్రం తీసుకోలేదు. ఇతరుల కోసం నిలబడటానికి ముందు తన బాధ తీరాలని ఆయన అనుకోలేదు. ఆస్ట్రేలియాలో స్థిరపడిన ప్రతి ప్రవాస కుటుంబమూ పిల్లలకు చెప్పాల్సిన కథ ఇది.

జనవరి 26న అక్కడి నగరపాలక సంస్థలు పౌరసత్వ ప్రమాణ సభలు పెడతాయి. అదే రోజు భారత గణతంత్ర దినం. 2019-20లో 2 లక్షలకు పైగా వలసదారులు ఆస్ట్రేలియా పౌరులయ్యారు. వాళ్లలో 38 వేల మందికి పైగా భారతీయులు, ఏ ఇతర దేశం వాళ్లకంటే ఎక్కువ. భారత్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి పాత పాస్‌పోర్టు అప్పగించాల్సిందే. వలసపాలన నుంచి బయటపడి రాజ్యాంగం అమలులోకి తెచ్చుకున్న రోజున, ఇంకో నేల మీద వలసపాలన మొదలైన రోజు పండుగలో నిలబడి ప్రమాణం చేయడం చిన్న విషయం కాదు. ప్రమాణం చేసే కుటుంబానికి ఆ రోజు నిజంగా సంతోషమే. ఏళ్ల తరబడి వీసాల కోసం, పర్మినెంట్ రెసిడెన్సీ పాయింట్ల కోసం పడ్డ పాట్లు తీరిన రోజది. ఆ సంతోషాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. అయితే ఇప్పుడు కౌన్సిళ్లు ఆ తేదీకి మూడు రోజులు అటూ ఇటూ కూడా సభ పెట్టుకోవచ్చు. కోరితే వేరే రోజు దొరికే అవకాశం ఉన్నచోట తెలుగు కుటుంబాలు ఆ కోరిక కోరడం మంచిది. అందువల్ల పౌరసత్వం విలువ ఒక్క పిసరు కూడా తగ్గదు. ఆస్ట్రేలియా క్రికెట్ కెప్టెన్ పాట్ కమిన్సే 2024లో పండుగకు ఇంతకంటే మంచి తేదీ చూసుకోవచ్చని అన్నాడు.

క్రికెట్ దగ్గరికి వచ్చాం కాబట్టి అక్కడే కాసేపు ఆగాలి. ఆస్ట్రేలియన్లు తమను తాము చూసుకునే అద్దం ఆట. ఆ దేశం నుంచి ఇంగ్లండ్ వెళ్లి ఆడిన మొట్టమొదటి జట్టు తెల్లవాళ్లది కాదు. 1868లో వెళ్లిన ఆదివాసుల జట్టు. 47 మ్యాచ్‌లు ఆడి 14 గెలిచారు, 14 ఓడారు. వాళ్లలో జానీ ముల్లా ఆల్‌రౌండర్‌గా మెప్పించాడు. ఆ తర్వాత ఆదివాసులను మిషన్ల లోపల బంధించే చట్టాలు వచ్చి ఆ దారి మూసుకుపోయింది. ఆదివాసీ మూలాలున్నట్టు గుర్తింపు పొందిన పురుషుడు టెస్టు ఆడటానికి 1996లో జేసన్ గిలెస్పీ దాకా ఆగాల్సి వచ్చింది. 2021 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో స్కాట్ బోలండ్ ఇంగ్లండ్ మీద 7 పరుగులిచ్చి 6 వికెట్లు తీసి, జానీ ముల్లా పేరు మీద ఉన్న పతకం అందుకున్నాడు. ఆ రోజు స్టేడియమంతా లేచి నిలబడి అతన్ని మెచ్చుకుంది.

అదే మెల్‌బోర్న్ మైదానంలో 2013లో ఆడమ్ గుడ్స్ ఇంకో గొంతు విన్నాడు. అతను ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ దిగ్గజం, అద్న్యమతన ఆదివాసీ తెగ మూలాలున్నవాడు, లీగ్‌లో ఉత్తమ ఆటగాడి పతకం రెండుసార్లు గెలిచినవాడు. గ్యాలరీలోంచి పదమూడేళ్ల పిల్ల అతన్ని కోతిజాతి పేరు పెట్టి పిలిచింది. ఆ పిల్లను నిందించొద్దని, ఆమెకు తోడుగా నిలవాలని మర్నాడు గుడ్స్ కోరాడు. 2014లో అతన్ని ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్‌గా ప్రకటించారు. ఆ హోదాలో ఆదివాసుల చరిత్ర గురించి మాట్లాడినందుకు మైదానాల్లో బంతి తాకిన ప్రతిసారీ జనం వెక్కిరింపుగా అరవడం మొదలుపెట్టారు. 2015లో అతను ఆట వదిలేశాడు. మౌనంగా ఉన్నందుకు లీగ్ క్షమాపణ చెప్పింది, 2019లో. ఆడినంతకాలం భుజాలకెత్తుకుని, నోరు తెరిచి నిజం చెప్పగానే దించేశారు. గెలుపు తెచ్చే ఆదివాసి కావాలి, జ్ఞాపకం చేసే ఆదివాసి వద్దు అన్నట్టుగా నడిచింది ఆ వ్యవహారం.

2021 జనవరిలో సిడ్నీ టెస్టులో ఆ అరుపులు హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్‌కు వినిపించాయి. ఆటో నడిపి తనను పెంచిన తండ్రి నవంబరులో పోతే, చివరిచూపుకు కూడా వెళ్లకుండా జట్టుతో ఉండిపోయిన కుర్రాడు అతను. బౌండరీ దగ్గర వినిపించిన మాటలను దాచుకోకుండా కెప్టెన్‌కూ, అంపైర్లకూ చెప్పాడు. ఆట ఆపారు, కొంతమంది ప్రేక్షకులను బయటికి పంపారు. భారత ఆటగాళ్లు జాతి దూషణకు గురైన మాట నిజమేనని క్రికెట్ ఆస్ట్రేలియా విచారణలో తేల్చి, క్షమాపణ చెప్పింది. గుడ్స్ లాంటివాళ్లు అంతకుముందు పడ్డ బాధే సిరాజ్ ఫిర్యాదును వెంటనే పట్టించుకునే వాతావరణం తెచ్చిందని అనుకోవడానికి కారణముంది. ఆదివాసీ ఆటగాళ్లు దెబ్బలు తిని వేసిన బాటలో మనవాడు నడిచాడు.

ఆదివాసుల ప్రస్తుత స్థితి చెప్పడానికి పెద్ద వర్ణన అక్కర్లేదు. దేశ జనాభాలో వాళ్లు 4 శాతం కంటే తక్కువ. జైళ్లలో మాత్రం ప్రతి ముగ్గురిలో ఒకరు. సగటు ఆయుర్దాయం మిగతావాళ్లకంటే దాదాపు ఎనిమిదేళ్లు తక్కువ. కస్టడీ మరణాలపై వేసిన రాయల్ కమిషన్ 1991లోనే 339 సిఫారసులు చేసింది. కస్టడీ మరణాలు ఇంకా ఆగలేదు. 2020 మేలో రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం పిల్‌బరాలో జూకన్ గార్జ్ గుహలను పేల్చేసింది. 46 వేల ఏళ్ల క్రితం నుంచీ మనుషులు వాడిన ఆనవాళ్లున్న చోటది. మైనింగ్ ఉద్యోగాలతో పెర్త్‌లో స్థిరపడిన తెలుగు ఇంజనీర్ల జీతాలు కూడా అలాంటి నేల నుంచే వస్తున్నాయి.

1967 రెఫరెండంలో, రాజ్యాంగంలో ఆదివాసులను వేరుపెట్టే మాటలు తీసేయాలని 90 శాతానికి పైగా జనం ఓటేశారు. 2023 అక్టోబరు 14న పార్లమెంటుకు సలహా ఇచ్చే ఆదివాసీ 'వాయిస్' ఏర్పాటు చేయాలా అని అడిగితే 60 శాతం వద్దన్నారు. ఆ ప్రతిపాదన ఆరు రాష్ట్రాల్లోనూ ఓడిపోయింది. వాయిస్ కావాలని కోరిన ప్రకటన 2017లో ఉలూరు దగ్గర వందలమంది ఆదివాసీ ప్రతినిధులు కూర్చుని రాసుకున్నది. చట్టాలు చేసే అధికారం కాదు, తమ గురించి చట్టం చేసేముందు తమ మాట వినమని మాత్రమే అడిగారు. ప్రభుత్వం వివరాలు సరిగా చెప్పలేకపోయింది, ప్రతిపక్షం ఒప్పుకోలేదు. ఆ దేశంలో ప్రతిపక్షం కలిసిరాని రెఫరెండం గెలవడం దాదాపు అసాధ్యం. జాతి ఆధారంగా దేశాన్ని చీలుస్తుందన్న వాదన బాగా పనిచేసింది. కానీ చీలిక 1902 చట్టంలో ఉంది. దాన్ని పూడ్చే ప్రయత్నానికి చీలిక అని పేరు పెట్టడం చరిత్రను తలకిందులు చేయడమే.

వద్దని ప్రచారం చేసినవారిలో ముందున్నది సెనేటర్ జసింటా నంపిజిన్‌పా ప్రైస్, తల్లి వైపు నుంచి వాల్‌పిరి ఆదివాసి. 2025 సెప్టెంబరులో, లేబర్ ప్రభుత్వం తనకు ఓట్లేస్తారనే భారతీయులను ఎక్కువగా రానిస్తోందన్న అర్థం వచ్చేలా ఆమె మాట్లాడింది. భారతీయ సంఘాలు మండిపడ్డాయి. క్షమాపణ చెప్పకపోవడం, పార్టీ నాయకురాలికి మద్దతు ప్రకటించకపోవడంతో ప్రతిపక్ష బృందంలో ఆమె పదవి పోయింది. అణగారినవాళ్లంతా తమంతట తామే ఒకరికొకరు తోడవుతారన్న భ్రమ అక్కర్లేదని ఈ ఉదంతం చెబుతోంది. ప్రవాస భారతీయుల వైపు కూడా ఆ లోపం ఉంది. ఆదివాసులకు ప్రభుత్వం ఊరికే డబ్బులిస్తుందని, వాళ్లు పనిచేయరని తేలిగ్గా మాట్లాడేవాళ్లు మన కుటుంబాల్లో ఉన్నారు. ఊళ్లో దళితవాడ గురించి, ఏజెన్సీ గూడేల గురించి అన్న మాటలే సముద్రం దాటి వెళ్లాయి.

జాతి దాడులు జరిగినప్పుడల్లా వలస సంఘాలు ఒకే జవాబు ఇస్తాయి. 2009లో మెల్‌బోర్న్‌లో భారతీయ విద్యార్థుల మీద దాడులు జరిగినప్పుడు, తెలుగు విద్యార్థి ఒకరిని స్క్రూడ్రైవర్‌తో పొడిచినప్పుడు, అదే వినిపించింది: మేం కష్టపడి పనిచేస్తాం, పన్నులు కడతాం, చట్టాన్ని గౌరవిస్తాం. ఇందులో ప్రతి మాటా నిజమే. అయినా ఈ జవాబు సరిపోదు. మంచి నడవడితో చోటు సంపాదించుకోవాలి అన్న షరతును అది ఒప్పేసుకుంటుంది. రేపు ఒక భారతీయుడు తప్పు చేస్తే ఆ షరతు అందరి మెడకూ చుట్టుకుంటుంది. పైగా చోటు అనేది నడవడిని బట్టే వచ్చేదైతే, మొదటి ప్రపంచయుద్ధంలో ఆ దేశం కోసం పోరాడి తిరిగొచ్చిన ఆదివాసీ సైనికులకు ఓటు ఎందుకు రాలేదు? మనిషిగా, పౌరుడిగా ఉండటమే హక్కుకు చాలినంత కారణమన్న మాట ఆదివాసుల పోరాటం నుంచి వచ్చింది. వలసదారులకు కూడా గట్టిగా నిలబడటానికి అంతకంటే మంచి నేల లేదు.

అలా నిలబడాల్సిన సందర్భం ఇప్పుడు విక్టోరియా రాష్ట్రంలో వచ్చింది. న్యూజిలాండ్‌లో 1840లోనే మావోరీలతో వైతాంగి ఒప్పందం జరిగింది. ఆస్ట్రేలియాలో 2025 దాకా ఏ ప్రభుత్వమూ ఆదివాసులతో అలాంటి ఒప్పందం చేసుకోలేదు. 2025 నవంబరు 13న విక్టోరియా ప్రభుత్వం మొదటిసారి ఆ పని చేసింది. ఆదివాసులు ఎన్నుకునే ప్రతినిధుల సభ శాశ్వతంగా ఉంటుంది, తమకు సంబంధించిన చట్టాల మీద ప్రభుత్వానికి సలహా ఇస్తుంది, జరిగిన చరిత్రను నమోదు చేస్తుంది. తాము గెలిస్తే దీన్ని రద్దు చేస్తామని ప్రతిపక్ష లిబరల్-నేషనల్ కూటమి ప్రకటించింది. ఎన్నికలకు గడువు 2026 నవంబరు.

మెల్‌బోర్న్ పడమటి వైపున టార్నీట్, ట్రుగనినా, పాయింట్ కుక్ శివార్లలో భారతీయ ఓటర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు, వారిలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. అభ్యర్థులు దీపావళికి, ఉగాదికి గుడుల దగ్గరికీ, సంఘాల సభలకూ తప్పకుండా వస్తారు. ఆస్ట్రేలియాలో ఓటు వేయకపోతే జరిమానా కట్టాలి, కాబట్టి ఆ రోజు ఇంట్లో కూర్చునే వీలు ఎవరికీ లేదు. వేదిక ఎక్కిన ప్రతి అభ్యర్థినీ వీసాల గురించి, గుడికి స్థలం గురించి, తెలుగు బడికి నిధుల గురించి ఎలాగూ అడుగుతారు. ఆదివాసులతో ఒప్పందం ఉంచుతారా, తీసేస్తారా అని కూడా అడగాలి. అంతకంటే ముందు తెలుగు సంఘాలు ఆ ప్రతినిధుల సభ సభ్యులను తమ వేడుకలకు పిలిచి, ఒప్పందంలో ఏముందో వాళ్ల నోటితోనే వినాలి. పెద్దవాళ్ల కోసం దాని సారాంశం తెలుగులో అచ్చువేసి పంచాలి.